ఉప్పునీటి ట్యాంకులో తెల్లమచ్చ, వెల్వెట్, ఫ్లూక్స్: హైదరాబాద్ ఇంట్లో వైద్యం, నివారణ

ట్యాంగ్ చేప ఒంటిమీద ఉప్పురవ్వలు చల్లినట్టు కనబడిన తెల్లమచ్చలు రెండ్రోజుల్లో వాటంతటవే పోతే చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. వెల్లుల్లి రసం పనిచేసిందనో, షాపతను ఇచ్చిన నీలం మందు పట్టిందనో అనుకుంటారు. అసలు సంగతి వేరు. పరాన్నజీవి కడుపునిండా తిని చేపను వదిలి దిగిపోయింది, అంతే. ఇప్పుడది ఇసుకలోనో, రాతిమీదో, ట్యాంకు అద్దానికో అంటుకుని చుట్టూ గట్టి గుల్ల కట్టుకుంది. లోపల వందల పిల్లలుగా చీలుతోంది. అవి బయటపడ్డాక వచ్చే రెండో విడత మొదటిదానిలా ఉండదు.

క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అనే ఈ తెల్లమచ్చ జీవి చేప చర్మం కింద మూడు నుంచి ఏడు రోజులు ఉంటుంది. దిగడం ఎక్కువగా చీకట్లోనే జరుగుతుంది. గుల్ల నుంచి పిల్లలు రావడానికి మామూలుగా వారం లోపే పడుతుంది. కానీ కొన్ని గుల్లలు మొండివి, 70 రోజులు దాటాక కూడా పగలగలవు. బయటికొచ్చిన పిల్లకు ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చచ్చిపోతుంది. రాగి మందు పనిచేసేది ఈ ఈదే దశమీదే. చర్మం కింద ఉన్నప్పుడూ, గుల్లలో ఉన్నప్పుడూ దాన్ని ఏ మందూ తాకదు. కాబట్టి మచ్చలు ఎన్నున్నాయి, ఎన్ని పోయాయి అన్న లెక్క పెట్టుకోవద్దు. మందు మోతాదు ఎన్ని రోజులు తగ్గకుండా నిలిచింది, చేపలు లేకుండా పెద్ద ట్యాంకు ఎన్ని రోజులు ఖాళీగా ఉంది అన్నవే లెక్కలోకి వస్తాయి.

మంచినీటి చేపల అలవాటుతో చేసే పనులు ఇక్కడ నడవవు. హీటరు పెంచి 30 డిగ్రీలు చేస్తే మంచినీటి తెల్లమచ్చ తగ్గుతుంది, ఉప్పునీటిది తగ్గదు. పైగా చేపకు ఆక్సిజన్ తగ్గుతుంది. గళ్ల ఉప్పు వేయడం గురించి చెప్పక్కర్లేదు. ఇతర చేపల ఒళ్లు శుభ్రం చేసే క్లీనర్ ష్రింప్ రొయ్య, క్లీనర్ రాస్ చేప జబ్బును మాన్పవు. వెల్లుల్లి వల్ల మహా అయితే తిండి మీద ఆశ పుడుతుంది. "రీఫ్ సేఫ్" (పగడాల ట్యాంకుకు హాని లేనిది) అని సీసామీద రాసి అమ్మే మందుల్లో తెల్లమచ్చను నమ్మకంగా చంపేది ఏదీ లేదు. పగడాలకు హాని చేయని మోతాదు ఆ జీవికీ హాని చేయదు.

ఏ జబ్బో తేల్చుకోవడం

విడివిడిగా లెక్కపెట్టగలిగే, ఉప్పురవ్వంత తెల్ల చుక్కలు, తిండి మానని చేప అయితే అది తెల్లమచ్చ కావచ్చు. టార్చిని పక్కనుంచి వేస్తే ఒళ్లంతా సన్నటి బూడిదలాగో, బంగారు పొడిలాగో మెరిసినా, చేప పంపు నీటి ధారకు ఎదురుగా నిలబడినా, వెలుతురుకు మొహం తిప్పుకున్నా, మొప్పలు నిమిషానికి వందసార్లకు పైగా కొట్టుకుంటున్నా వెల్వెట్‌ను అనుమానించాలి. దీని పేరు అమైలూడినియం. ముందు మొప్పల్లోకే వెళ్తుంది కాబట్టి ఒంటిమీద ఏమీ కనబడకుండానే చేప చచ్చిపోవచ్చు. లక్షణాలు బయటపడ్డాక మీ చేతిలో ఉండేది ఒకటి రెండు రోజులే. "రేపు చూద్దాం" అనడానికి వీల్లేని జబ్బు ఇది.

క్లౌన్ చేపకు ఒళ్లంతా జిగురు పట్టి, చర్మం తెల్ల పొరలుగా ఊడుతుంటే బ్రూక్లినెల్లా అనే పరాన్నజీవి. క్రోమిస్ చేపకు పక్కటెముకల దగ్గర ఎర్రగా కమిలి పుండు పడితే యూరోనీమా అనే ఇంకో పరాన్నజీవి. చేప తల విదిలిస్తూ రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటూ, కళ్లు మసకబారితే ఫ్లూక్స్, అంటే ఒంటికీ మొప్పలకూ అంటుకునే చిన్న చదును పురుగులు. ఈ మూడింటిలో దేనికీ రాగి మీద ఆధారపడకూడదు. అందుకే జబ్బు ఏదో తేలకుండా మందు మొదలుపెడితే వారం వృథా.

కోఠి చుట్టుపక్కల సర్జికల్, ల్యాబ్ సామాన్ల షాపుల్లో దొరికే విద్యార్థుల మైక్రోస్కోపు చాలు. చేపను తడి చేత్తో పట్టుకుని, మచ్చ ఉన్న చోట కవర్ స్లిప్ అంచుతో తల నుంచి తోకవైపు మెల్లగా గీకి, ఒక చుక్క ట్యాంకు నీటితో స్లైడుమీద పెట్టి వెంటనే 100 రెట్లలో చూడాలి. పెద్దగా గుండ్రంగా ఉండి నెమ్మదిగా తిరుగుతుంటే తెల్లమచ్చ. నల్లటి బేరిపండు ఆకారంలో కదలకుండా ఉంటే వెల్వెట్. చిక్కుడుగింజలా ఉండి చురుగ్గా పరుగులు తీస్తుంటే బ్రూక్లినెల్లా.

మైక్రోస్కోపు లేకపోతే మంచినీటి స్నానం కొంత చెబుతుంది. ఆర్ఓ నీళ్లను ట్యాంకు ఉష్ణోగ్రతకు తెచ్చి, వంటసోడా చిటికెడు చిటికెడుగా కలుపుతూ పీహెచ్ 8.2 దగ్గరికి తీసుకొచ్చి, అరగంట గాలి కొట్టించి, అందులో చేపను 5 నిమిషాలు ఉంచండి. ఫ్లూక్స్ ఉంటే తెల్లగా పాలిపోయి నువ్వుగింజల్లా అడుగున రాలతాయి. వెల్వెట్ కొంత వదులుతుంది, చేపకు ఊపిరి తేలికవుతుంది. తెల్లమచ్చ మాత్రం చర్మం కింద ఉంటుంది కాబట్టి కదలదు. చేప పక్కకు ఒరిగి స్పృహ తప్పేలా ఉంటే అయిదు నిమిషాలు కాకపోయినా తీసేయాలి.

వైద్యం చేసే ట్యాంకు

పగడాలు, నత్తలు, రొయ్యలు ఉన్న పెద్ద ట్యాంకులో రాగి వేయడమంటే వాటిని చంపుకోవడమే. పైగా సున్నపురాయి, ఇసుక రాగిని పీల్చుకుంటాయి. అందువల్ల నీళ్లలో మోతాదు నిలవదు, రాళ్లు ఆ తర్వాత రీఫ్‌కు పనికిరావు. వైద్యం ఎప్పుడైనా వేరే ట్యాంకులోనే.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు గాజు తొట్టి చిన్న, మధ్యరకం చేపలకు సరిపోతుంది. కింద ఇసుక వద్దు, రాళ్లు వద్దు. దాక్కోవడానికి పీవీసీ పైపు ఎల్బోలు, టీలు నాలుగైదు వేయండి. స్పాంజి ఫిల్టరు, ఎయిర్ పంపు, హీటరు, మూత ఉండాలి. మందు లెక్కకు తొట్టి సైజు కాదు, అందులో నిజంగా ఉన్న నీళ్లు కావాలి. లోపలి పొడవు, వెడల్పు, నీటి ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. 60, 30, 42 అయితే 75 లీటర్లు. నీటిమట్టం దగ్గర మార్కర్ గీత పెట్టుకోండి. ఆవిరైన నీళ్లకు ఆర్ఓ నీళ్లే, ఆ గీత వరకే పోయాలి.

స్పాంజిని ముందుగా సిద్ధం చేసుకోకపోవడం దగ్గరే చాలామంది చేపలు పోగొట్టుకుంటారు. జబ్బుతో కాదు, అమ్మోనియాతో. జబ్బులేని పెద్ద ట్యాంకు సంపులో (దాని కింద ఉండే ఫిల్టరు తొట్టిలో) ఒక స్పాంజి ఎప్పుడూ పడి ఉండాలి. మూడు నాలుగు వారాల్లో దానికి బ్యాక్టీరియా పడుతుంది. అయినా మొదటి పది రోజులు రోజూ అమ్మోనియా చూడాలి. కనబడితే సగం నీళ్లు మార్చి, మార్చిన నీళ్లకు సరిపడా మందు కలపాలి. రాగి వేసిన ట్యాంకులో అమ్మోనియాను బంధించే ప్రైమ్ లాంటి ద్రావణాలు పోయకండి. అవి రాగిని మరింత విషపూరితమైన రూపంలోకి మారుస్తాయి.

రాగి

తెల్లమచ్చకూ వెల్వెట్‌కూ రెండింటికీ పనిచేసేది ఇదే. మూడు రకాలు దొరుకుతాయి, మూడింటి మోతాదులూ వేరు. ఒకదాని లెక్క ఇంకోదానికి వాడితే చేపలు చస్తాయి, లేదా మందు అసలు పనిచేయదు.

మామూలు కాపర్ సల్ఫేట్ అంటే మన మైలుతుత్తం. పొలాల్లో పిచికారీకి అమ్మేది వద్దు, ల్యాబ్ గ్రేడు తీసుకోండి. 3.93 గ్రాములు లీటరు ఆర్ఓ నీళ్లలో కరిగిస్తే ఒక మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము రాగి ఉన్న ద్రావణం వస్తుంది. లీటరుకు 0.15 నుంచి 0.20 మి.గ్రా. నిలపాలి. అంటే 75 లీటర్లకు 11 నుంచి 15 మి.లీ., రెండు రోజుల్లో నాలుగైదు విడతలుగా వేయాలి. చవకే, కానీ తలనొప్పి ఎక్కువ. 0.15 కంటే తగ్గితే పరాన్నజీవి బతుకుతుంది, 0.20 దాటితే చేప బాధపడుతుంది. రోజుకు రెండుసార్లు కొలవాలి. ఇళ్లలో వాడే మంచి మీటరు, హానా హెచ్ఐ702, కూడా 0.05 వరకు అటూఇటూ చూపొచ్చు. 0.15 లక్ష్యంగా పెట్టుకున్నప్పుడు అది మూడో వంతు తేడా. కొత్తవాళ్లకు ఈ రకం సలహా ఇవ్వం.

రెండోది క్యూప్రమైన్ అనే కంపెనీ రాగి మందు. ఇదైతే 40 లీటర్లకు 1 మి.లీ., 48 గంటల తర్వాత మళ్లీ అంతే. చివరికి లీటరుకు 0.5 మి.గ్రా. దగ్గర నిలవాలి. మూడోది చీలేటెడ్ రాగి (ఇంకో పదార్థంతో బంధించిన రాగి), అంటే కాపర్ పవర్, కాపర్‌సేఫ్ లాంటివి. దీనికి 2.25 నుంచి 2.5 మి.గ్రా. కావాలి. నీళ్లలో ఎక్కువ రోజులు నిలుస్తుంది, మోతాదు చుట్టూ కాస్త వెసులుబాటు ఉంటుంది. మొదటిసారి చేసేవాళ్లు దీంతోనే మొదలుపెట్టడం మేలు. రంగు చూసి పోల్చుకునే కిట్లలో కొన్ని చీలేటెడ్ రాగిని సరిగా చూపవు. డిజిటల్ మీటరుకు పెట్టిన డబ్బు ఒక ట్యాంగ్ బతికితే తిరిగొచ్చినట్టే.

తెల్లమచ్చకు మోతాదును రెండు మూడు రోజుల్లో మెల్లగా పెంచొచ్చు. వెల్వెట్ అయితే ఒక్క రోజులో పూర్తి స్థాయికి తేవాలి. పూర్తి స్థాయికి చేరిన రోజునుంచి 30 రోజులు. మధ్యలో ఒక్కరోజు కిందికి పడినా లెక్క మళ్లీ ఒకటి నుంచి. రెండో శుభ్రమైన తొట్టి సిద్ధంగా ఉంటే 14 రోజులు పూర్తి స్థాయిలో ఉంచి అందులోకి మార్చేయొచ్చు. పాత తొట్టిలో మిగిలిన గుల్లలతో అప్పుడు పనిలేదు. తిండి మానేస్తే మోతాదు పెంచడం ఆపి, అక్కడే నిలిపి చూడండి. మాండరిన్, లయన్, పఫర్, ఈల్, చిన్న యాంజెల్ చేపలు రాగికి తట్టుకోలేవు. వాటికి కింది పద్ధతి చూడండి.

వెల్వెట్ ముదిరి చేప రొప్పుతుంటే రాగి ఎక్కేదాకా ఆగలేం. మెడికల్ షాపులో దొరికే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ లీటరు ట్యాంకు నీళ్లకు 1.25 మి.లీ. చొప్పున కలిపి, గాలి గట్టిగా కొట్టిస్తూ 30 నిమిషాలు ముంచి, అక్కడినుంచి నేరుగా రాగి ఉన్న కొత్త తొట్టిలో వదలాలి. సీసామీద శాతం చూసుకోండి. 3 శాతమైతే 2.5 మి.లీ. పాత సీసాలో బలం తగ్గిపోయి ఉంటుంది, కొత్తది కొనండి.

మందు లేకుండా, తొట్లు మార్చి

తెల్లమచ్చ ఒక్కదానికే పనికొచ్చే పద్ధతి ఇది, కానీ చేపకు ఏ విషమూ తగలదు. దిగిన జీవి గుల్ల కట్టి, పిల్లలు పెట్టే లోపే చేప ఇంకో తొట్టికి వెళ్లిపోవాలి. 40 లీటర్ల ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్ టబ్బులు రెండు, రెండు జతల ఎయిర్ స్టోన్, హీటరు, పైపు ముక్కలు చాలు.

మొదటి రోజు మొదటి టబ్బు. నాలుగో రోజు రెండో టబ్బు. ఏడో రోజు, పదో రోజు అలాగే. పదమూడో రోజు ఫిల్టరున్న శుభ్రమైన క్వారంటైన్ తొట్టిలోకి. మార్పు మార్పుకు మధ్య 72 గంటలు దాటకూడదు. ఉదయం పది గంటలకు మొదలుపెడితే ప్రతిసారీ తొమ్మిదిన్నరకే కానిచ్చేయండి. చేపతోపాటు పాత నీళ్లు వీలైనంత తక్కువగా రావాలి. ఖాళీ చేసిన టబ్బునూ, అందులోని ప్రతి వస్తువునూ బ్లీచింగ్ కలిపిన నీళ్లతో కడిగి డాబామీద ఎండలో ఒకరోజు పూర్తిగా ఆరబెట్టాలి. ఈ పనికి మన ఎండాకాలం బంగారం, వానాకాలంలో ఫ్యాను కింద పెట్టాల్సిందే. నాలుగు టబ్బుల నీళ్లకు 160 లీటర్లు, లీటరుకు 36 గ్రాముల లెక్కన దాదాపు 5.8 కిలోల మెరైన్ సాల్ట్ కావాలి. ఇక్కడ రాగి లేదు కాబట్టి అమ్మోనియాకు ప్రైమ్ వాడొచ్చు.

ఉప్పు తగ్గించే పద్ధతి కూడా ఉంది. సాంద్రతను రెండు రోజుల్లో 1.009కి దించి, చివరి మచ్చ పోయాక 30 రోజులు అక్కడే ఉంచి, తర్వాత వారం తీసుకుని మెల్లగా పెంచడం. 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్ల ఉప్పు) ప్రామాణిక ద్రావణంతో సరిచేసిన, ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరు తప్పనిసరి. ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటరును నమ్మి 1.011 దగ్గర ఆగిపోతే అంతా దండగ. వెల్వెట్‌కు ఇది పనిచేయదు, యూరోనీమా ఇందులో ఇంకా హాయిగా పెరుగుతుంది.

జిగురు జబ్బు, ఫ్లూక్స్

బ్రూక్లినెల్లాకు ఫార్మలిన్ స్నానం. 37 శాతం ఫార్మలిన్ నాలుగు లీటర్ల ట్యాంకు నీళ్లకు 1 మి.లీ., 30 నుంచి 45 నిమిషాలు, తర్వాత కొత్త తొట్టి. రోజు విడిచి రోజు రెండు మూడుసార్లు. నీళ్లు వెచ్చగా ఉన్నప్పుడు ఫార్మలిన్ ఘాటు పెరుగుతుంది, ఆక్సిజన్ తగ్గుతుంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో 0.6 మి.లీ.తో మొదలుపెట్టండి. సీసా అడుగున తెల్లటి పొడి పేరుకుంటే అది పారేయాల్సిన మందు. ఫార్మలిన్ క్యాన్సర్ కారకం. గ్లోవ్స్ వేసుకుని బాల్కనీలోనే చేయాలి, పిల్లలున్న ఇంట్లో తాళం వేసి పెట్టాలి. అది వద్దనుకుంటే మెట్రోనిడజోల్ లీటరుకు 6, 7 మి.గ్రా. చొప్పున 48 గంటలకోసారి పది రోజులపాటు వేయొచ్చు. తొలిదశ యూరోనీమాకూ ఇదే ఆశ. పుండు లోతుగా పడ్డాక ఆశ తక్కువ.

ఫ్లూక్స్‌కు ప్రాజిక్వాంటెల్, లీటరుకు 2.5 మి.గ్రా. 75 లీటర్లకు 190 మి.గ్రా. దాకా. మనుషులకిచ్చే 600 మి.గ్రా. మాత్రలో మూడో వంతు దాదాపు సరిపోతుంది. కుక్కల నులిపురుగుల మాత్రల్లో దీంతోపాటు ఇంకో రెండు మందులు కలిసి ఉంటాయి, వాటి జోలికి వెళ్లొద్దు. ఈ పొడి నీళ్లలో సులువుగా కరగదు. మెత్తగా నూరి, సీసాలో ట్యాంకు నీళ్లతో పోసి అయిదు నిమిషాలు గిలకొట్టి, పంపు దగ్గర పోయాలి. నీళ్లు మసకబారి బ్యాక్టీరియా పెరిగి ఆక్సిజన్ పడిపోతుంది, రాత్రంతా గాలి గట్టిగా ఉండాలి. గుడ్ల మీద ఈ మందు పనిచేయదు కాబట్టి ఏడో రోజున నీళ్లు మార్చి రెండో మోతాదు వేయాలి. రెండోది మానేస్తే మొదటిది వేయనట్టే.

పెద్ద ట్యాంకు ఖాళీ

చేపల్ని బయట బాగుచేసి అదే ట్యాంకులో వదిలితే మళ్లీ మొదటికొస్తుంది. ఒక్క చేప కూడా లేకుండా 76 రోజులు ఉంచాలి. నీళ్లు పూర్తికాలం 27 డిగ్రీలు, ఆపైన ఉంటే 45 రోజులు చాలు. నత్తలు, రొయ్యలు, పగడాలు ఉండొచ్చు, పరాన్నజీవి వాటిమీద బతకదు. ఒక్క చిన్న గోబీ చేప రాతి వెనక మిగిలిపోయినా లెక్క చెల్లదు. ఫిల్టరు బ్యాక్టీరియా ఆకలితో చావకుండా రెండు మూడు రోజులకోసారి చిటికెడు మేత వేస్తుండండి.

రాకుండా చూసుకోవడం

మన ఊరికి మెరైన్ చేపలు చాలావరకు విమానంలో దిగుతాయి. గంటలకొద్దీ సంచిలో ఉన్న నీళ్లలో అమ్మోనియా పేరుకుని, పీహెచ్ పడిపోయి ఉంటుంది. సంచి మూతి విప్పగానే కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరుగుతుంది, అమ్మోనియా విషమవుతుంది. అందుకే పార్శిల్ చేపలకు గంటసేపు చుక్కచుక్కగా నీళ్లు కలిపే పద్ధతి మంచిది కాదు. సంచి నీటి ఉప్పు ఎంతో అమ్మినవాళ్లను అడిగి క్వారంటైన్ తొట్టిని ముందే దానికి సమానం చేసి, సంచిని 15 నిమిషాలు తేలనిచ్చి, చేపను మాత్రమే తీసి వదలండి. కొన్ని షాపుల్లో తొట్లలో తక్కువ స్థాయి రాగి ఎప్పుడూ ఉంటుంది. జబ్బు పోదు, అణిగి ఉంటుంది. అక్కడ నిగనిగలాడిన చేప ఇంటికొచ్చిన వారానికి మచ్చలు వేయడం అందుకే. ప్రతి కొత్త చేపకూ రాగి కోర్సు, తర్వాత రెండు మోతాదుల ప్రాజిక్వాంటెల్ అనే క్రమం పెట్టుకోండి. వీలైతే హ్యాచరీలో పుట్టిన క్లౌన్లే కొనండి. సముద్రంలో పట్టినవాటితో పోలిస్తే వాటితో బ్రూక్లినెల్లా భయం బాగా తక్కువ.

పగడాలు, నత్తలు కూడా గుల్లల్ని మోసుకొస్తాయి. ఫ్రెండు ఇచ్చిన ఫ్రాగు (పగడపు ముక్క) కదా అని నేరుగా వేయకుండా చేపలు లేని తొట్టిలో పైన చెప్పిన రోజులు ఉంచాలి. క్వారంటైన్ తొట్టి పెద్ద ట్యాంకుకు కనీసం పది అడుగుల దూరంలో ఉండాలి. వెల్వెట్ పిల్లలు ఎయిర్ స్టోన్ చిమ్మే తుంపరల్లో మూడు మీటర్ల దాకా వెళ్లగలవని తేలింది.

నీళ్ల విషయంలో నగరంలో ప్రత్యేకమైన చిక్కులున్నాయి. బోరు, ట్యాంకరు నీళ్ల టీడీఎస్ వెయ్యి పైన రావడం మామూలే. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. రెండిటికీ ఆర్ఓ కావాలి. అయితే వంటింట్లో ఉన్న ప్యూరిఫయర్ మీద "కాపర్" అని రాసి ఉంటే ఆ నీళ్లు రీఫ్‌కు వాడొద్దు. ఆరోగ్యానికి మంచిదని నీళ్లలో రాగి కలిపే యంత్రం అది, మీ రొయ్యలకు ఆ ఆరోగ్యం అక్కర్లేదు. వైద్యం తొట్టిలో కూడా మీటరు లెక్క తప్పిస్తుంది. కాపర్ కార్ట్రిడ్జ్‌కు ముందునుంచే ట్యూబు తీసుకోండి.

మే నెలలో నీళ్లను చల్లబరిచే చిల్లర్ యంత్రం లేని ట్యాంకు 30 దాటుతుంది. సంపు మీద ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, ఆ మేరకు ఆవిరైన నీళ్లు రోజూ పోయాలి. వేసవి గాలివానకు కరెంటు పోతే ముందు దెబ్బతినేది రాగిలో ఉన్న చేపే, దాని మొప్పలు అప్పటికే అలసి ఉంటాయి. ఆ తొట్టికి బ్యాటరీ ఎయిర్ పంపు పెట్టండి, లేదా ఇన్వర్టర్ లైనుకు కలపండి. వల, సైఫను పైపు, బకెట్టు క్వారంటైన్‌కు వేరేగా, ఎర్ర టేపు చుట్టి ఉంచుకోండి. పని ఎప్పుడూ పెద్ద ట్యాంకుతో మొదలై జబ్బు తొట్టితో ముగియాలి, మధ్యలో చేతులు మోచేతుల దాకా కడిగి తుడుచుకోవాలి.